కలిమిని చెప్పుకొనే తీరు: ఫిన్నిష్ భాష, మన భాషలు

క్రొత్త భాషను అభ్యసించేవారికి తొలి పాఠాలలోనే తారసపడే వాక్యం ఒకటున్నది. పేరు చెప్పుకొన్నాక, ఊరు చెప్పుకొన్నాక, మనిషి తనకు ఉన్నవాటిని, లేనివాటిని చెప్పుకొంటాడు. నాకు ఇద్దరు పిల్లలు. నాకు ఇల్లు లేదు. నా దగ్గర చిల్లర లేదు. నాకు జ్వరంగా ఉన్నది. ఈ నాలుగు మాటలు రానిదే పరాయి దేశంలో ఒక దినం గడవదు. ఇంగ్లీషు ఈ పనులను చాలవరకు ‘హావ్’ అనే ఒక్క క్రియతోనే నెట్టుకొని వస్తుంది. ఫిన్లాండు దేశస్థుల భాషయైన ఫిన్నిష్ ఈ పనికి అటువంటి క్రియను వాడదు. ఈ చిన్న విషయం చుట్టూ రెండేండ్లుగా మేము చేసిన ఆలోచనను మా విద్యార్థుల ఎదుట ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఫిన్నిష్‌తో ఏమి పని అని కొందరు మిత్రులు నవ్వారు. పని మా ఇంటి నుండియే వచ్చింది. మా అక్కగారి కుమార్తె వివాహానంతరం భర్త ఉద్యోగరీత్యా తంపెరె నగరానికి వెళ్ళింది. ఆమె చదువంతా తెలుగు మాధ్యమంలో సాగింది, ఇంటిలో ఉర్దూ. అక్కడ వలస వచ్చినవారి కొరకు నడిపే భాషా తరగతిలో చేరింది. పాఠం ఫిన్నిష్‌లోనే చెబుతారు. అర్థం కానిచోట ఇంగ్లీషులో రెండు మాటలు విడమరుస్తారు. నెల తిరగకముందే ఫోను చేసి, “మామూ, నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం. ఆ ఇంగ్లీషు మెట్టు మీదుగా ఇంకొక భాషలోకి ఎట్లా ఎక్కేది? నేను తెలుగు మీడియంలో చదవడమే తప్పయింది” అన్నది. ఆ చివరి మాట మా మనస్సులో నాటుకొన్నది. ఆమె పాఠాల పుటలను ఫోనులో చిత్రాలుగా పంపడం, మేము వాటిని చదివి ఆదివారంనాడు ఆమెతో మాట్లాడడం అట్లా మొదలయింది.

ఆమెను అడ్డగించిన వాక్యం ఇది: ‘మినుల్ల ఒన్ కిర్య’. నాకు పుస్తకం ఉన్నది అని భావం. ఆమె చేతిలోని ఇంగ్లీషు వివరణ ఈ వాక్యాన్ని ఒక వింతగా చూపింది. ఫిన్నిష్‌వారు ‘నేను పుస్తకాన్ని కలిగియున్నాను’ అనక ‘నా పైన పుస్తకం ఉన్నది’ అంటారనీ, ఇది అలవాటు కావడానికి కాలం పడుతుందనీ అందులో ఉన్నది. ఇంగ్లీషువారికి పట్టవచ్చును. మనకెందుకు పట్టవలె? ‘ఒన్’ అంటే ‘ఉన్నది’. ‘కిర్య’ అంటే ‘పుస్తకం’. ‘మిను’ అన్న ప్రాతిపదికకు ‘ల్ల’ అనే విభక్తి ప్రత్యయం చేరి ‘మినుల్ల’ అయింది. ‘నా’కు ‘కు’ చేరి ‘నాకు’ అయినట్లే. నాకు ఉన్నది పుస్తకం. ఇందులో మనకు వింత ఏమున్నది? “అమ్మా, ఇంగ్లీషు పుస్తకం మూసి, తెలుగు వాక్యాన్ని దాని ప్రక్కన వ్రాసి చూడు” అన్నాము. చూచిన తరువాత చాలాసేపు ఆమె మాట్లాడలేదు.

ఈ ‘ల్ల’ స్వతహాగా స్థలాన్ని తెలిపే ప్రత్యయం. ‘కత్తొ’ అంటే ఇంటి కప్పు. ‘కతొల్ల ఒన్ కిస్స’ అంటే కప్పు మీద పిల్లి ఉన్నది. కప్పు మీద పిల్లి ఉన్నట్లే మనిషి వద్ద పుస్తకం ఉన్నదని ఆ భాష భావిస్తుంది. నాకు, నీకు, ఆయనకు లేక ఆమెకు అనేవి వరుసగా మినుల్ల, సినుల్ల, హ్యానెల్ల్యా. మాకు, మీకు, వారికి అనేవి మెయిల్ల్యా, తెయిల్ల్యా, హెయిల్ల్యా. ‘బ్యాంకు’ అనేటప్పుడు నోట వచ్చే అచ్చు వంటిది ఆ ‘ల్ల్యా’లోనిది, కాని అక్కడ అది హ్రస్వం. మాటలో అ, ఒ, ఉ అనే అచ్చులుంటే ‘ల్ల’, లేకపోతే ‘ల్ల్యా’. రవికి అని, చెట్టుకు అని ముందున్న అచ్చును బట్టి కి, కు మార్చుకొనే మనకు ఇది ఆశ్చర్యం కాదు.

విభక్తి చేరేటప్పుడు మాట రూపు మారడం మరొక చిక్కు. కత్తొ కతొల్ల అయినది చూచితిమి. ‘పొయిక’ అంటే కొడుకు, కొడుకుకు అంటే ‘పొయల్ల’. ‘లప్సి’ అంటే బిడ్డ, బిడ్డకు అంటే ‘లప్సెల్ల’. తరగతిలో తక్కినవారు దీనికి తలలు పట్టుకొన్నారట. ఇల్లు ఇంటికి అగును, నోరు నోటికి అగును, కాలు కాలికి అగును. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికములని చదివి, పరీక్ష వ్రాసి, మరునాడే మరచిపోయే విషయం ఇదే. మా తరగతిలో ఆ పేరు పలికినప్పుడు వినబడే నిట్టూర్పులు మాకు బాగా తెలియును. తంపెరెలో ఆ నిట్టూర్పు ఉపయోగపడినది.

ఇంతవరకు మన త్రోవ, వారి త్రోవ ఒక్కటే. ఇక విడిపోయే చోట్లు చూడవలె. మన క్రియ ఉన్న వస్తువును అనుసరిస్తుంది: పుస్తకం ఉన్నది, పుస్తకాలు ఉన్నవి, తమ్ముళ్ళు ఉన్నారు. ఫిన్నిష్‌లో ఎవరికి ఉన్నా, ఎన్ని ఉన్నా ‘ఒన్’ కదలదు. మినుల్ల ఒన్ కిర్య, మెయిల్ల్యా ఒన్ కిర్య, మినుల్ల ఒన్ కక్సి కిర్యా. ‘కక్సి’ అంటే రెండు. ఆ కడపటి మాటలో దీర్ఘాన్ని గమనించవలె: కిర్య కాదు, కిర్యా. సంఖ్య తరువాత వస్తువు బహువచనంలోకి పోదు. ‘అందులో కొంత’ అనే అర్థమిచ్చే వేరొక విభక్తిలోకి, ఏకవచనంగానే పోతుంది. లేదనేటప్పుడు కూడ ఆ విభక్తియే: ‘మినుల్ల ఎయి ఒలె కిర్యా’, నాకు పుస్తకం లేదు. ఉన్నప్పుడు హ్రస్వం, లేనప్పుడు దీర్ఘం! ‘ఒక్క పుస్తకమూ లేదు’ అని మనం దీర్ఘం తీసినట్లు గుర్తుంచుకొమ్మని చెప్పాము. అన్ని మాటలకు ఇంత సులభంగా కుదరదు గాని, మొదటి మెట్టుకు చాలును. హ్రస్వదీర్ఘాల భేదంతో అర్థం మారే భాషలో పుట్టినవారికి ఆ తేడా చెవికి ఇట్టే అందుతుంది. ద్విత్వాక్షరాలు కూడ అంతే.

ఉర్దూ విభాగంలోని మా సహాధ్యాపకులతో ఈ సంగతి చర్చించినప్పుడు చర్చ ఇంకొక దారి పట్టినది. ఉర్దూలో కలిమికి మూడు అరలున్నవి. చేత పట్టుకొని ఇవ్వగల వస్తువైతే ‘మేరే పాస్ కితాబ్ హై’. బంధువులైతే పాస్ లేదు, ‘మేరే దో భాయీ హైఁ’. శరీరానికో మనస్సుకో కలిగే స్థితియైతే ‘ముఝే బుఖార్ హై’. అన్నదమ్ములు చేతిలోని వస్తువులు కారనే వివేకం ఆ వ్యాకరణంలోనే ఉన్నది. తెలుగులో అరలు రెండు: నా దగ్గర డబ్బున్నది, నాకు తమ్ముళ్ళున్నారు, నాకు జ్వరం ఉన్నది. మా ఇళ్ళలో పలికే దక్కనీని గ్రంథ భాషాభిమానులు చిన్నచూపు చూస్తారు. అందులో ‘మేరే కనే పైసే హైఁ’ అని, ‘మేరేకూ దో భాయాఁ హైఁ’ అని వినబడుతుంది. ‘మేరే కనే’ అచ్చముగా ‘నా దగ్గర’. ‘మేరేకూ’ అచ్చముగా ‘నాకు’. వందల ఏండ్లు తెలుగువారి ఇరుగుపొరుగున బ్రతికిన ఉర్దూ, అన్నదమ్ములను తెలుగు అరలోనే సర్దుకొన్నది. దానిని తప్పని దిద్దేవారున్నారు. మాకు మాత్రం అందులో ఒక చరిత్ర అగుపడుతుంది.

ఫిన్నిష్ ఈ అరలన్నీ కలిపివేస్తుంది. పుస్తకానికీ, తమ్ముడికీ, జ్వరానికీ, ఆకలికీ, తొందరకూ ఒక్క ‘ల్ల’. మినుల్ల ఒన్ వెలి, నాకు సోదరుడున్నాడు. మినుల్ల ఒన్ న్యాల్క్యా, నాకు ఆకలిగా ఉన్నది. మినుల్ల ఒన్ కీరె, నాకు తొందర. కనుక మన విద్యార్థి ఇక్కడ క్రొత్తది నేర్చుకొనే పని కంటె ఉన్న భేదాన్ని ప్రక్కన పెట్టే పనియే ఎక్కువ.

వస్తువుకు వస్తువు ఉన్నప్పుడు మాత్రం ‘ల్ల’ సామాన్యంగా రాదు. ఇంటికి రెండు తలుపులున్నవి అనడానికి ‘తలొస్స ఒన్ కక్సి ఒవెఅ’ అంటారు. ‘స్స’ అంటే ‘లో’. ఇంటిలో రెండు తలుపులు. ఇక్కడ తెలుగు మనస్సు ‘ఇంటికి’ అనుకొని ‘ల్ల’ పెట్టబోతుంది. ‘ఇస్ ఘర్ మేఁ దో దర్వాజే హైఁ’ అనే ఉర్దూ మనస్సు సరిగా ‘స్స’ పెడుతుంది. మా మేనకోడలికి ఒక భాష చేయి విడిచినచోట రెండవది పట్టుకొన్నది. రెండు భాషలలో పెరగడం వలన రెండింటా వెనుకబడతారని బెంగపడే తల్లిదండ్రులు మా కళాశాలకు ప్రతి సంవత్సరం వస్తారు. వారికి ఈ తలుపుల వాక్యాన్ని చెప్పవలెనని మా కోరిక.

అసలు ‘హావ్’ను తెలుగులోకి దింపే ప్రయత్నమే మన వ్రాతను కొంత చెరిచిందని మా అభిప్రాయం. ‘అతడు ముగ్గురు కుమారులను కలిగియున్నాడు’ అని అనువాదాలలో చూస్తాము. ఏ ఇంట ఎవరు ఇట్లా మాట్లాడుకొంటారు? ‘ఆయనకు ముగ్గురు కొడుకులు’ అంటే క్రియ కూడ అక్కరలేదు. తెలుగులో ధనికుడు ‘ఉన్నవాడు’, పేదవాడు ‘లేనివాడు’. సంపద ‘కలిమి’, దారిద్ర్యం ‘లేమి’. ఈ మాటలన్నీ ఉండుట, లేకుండుటల నుండి పుట్టినవే; పట్టుకొనుట, చేజిక్కించుకొనుట అనే భావం వీనిలో లేదు. ధనం వాని వద్ద ఉన్నది. రేపు ఇంకొకరి వద్ద ఉండవచ్చును. పట్టుకొనే భావం మనకు పారశీకం నుండి వచ్చినది. ఆ భాషలో ‘దారమ్’ అంటే నేను కలిగియున్నాను. ఆ ధాతువు నుండియే జమీందారు, వాటాదారు, ఖాతాదారు, కౌలుదారు అనే మాటలన్నీ మన కచేరీలలో స్థిరపడినవి. విచిత్రమేమంటే, పారశీకం నుండి వేలకొలది మాటలు తీసికొన్న ఉర్దూ ఆ క్రియను మాత్రం వాక్యంలోకి రానీయలేదు. దార్‌లు వచ్చినారు, దారమ్ రాలేదు.

ఫిన్నిష్‌లో కూడ ‘ఒమిస్తా’ అనే క్రియ లేకపోలేదు. అది దస్తావేజుల మాట. ఇంటికో భూమికో యజమాని అని నిశ్చయంగా చెప్పవలసినప్పుడు వాడతారు. ఆకలినీ తమ్ముణ్ణీ ఎవరూ ఆ క్రియతో చెప్పరు. ఇక ‘నా పుస్తకం’ అనడానికి ‘మినున్ కిర్యని’ అంటారు. ‘మినున్’ అంటే నా. ‘కిర్యని’లోని చివరి ‘ని’ అంటే కూడ నా. ఒకే మాటకు రెండు ముద్రలు. నీకు ‘సి’, మాకు ‘మ్మె’: తలొని, తలొసి, తలొమ్మె, అనగా నా ఇల్లు, నీ ఇల్లు, మా ఇల్లు. బజారు మాటలో ఈ తోకలు చాలవరకు రాలిపోయి ‘మున్ కిర్య’ అంటారు. వ్రాతకొక భాష, మాటకొక భాష ఉండడం మనకు క్రొత్త కాదు గనుక ఇక్కడ ఆగము.

ఒక్క వాక్యం వద్ద మాత్రం ఆగవలె. ‘కిర్య ఒన్ మినుల్ల, ముత్త సె ఎయి ఒలె మినున్.’ పుస్తకం నా దగ్గర ఉన్నది, కాని అది నాది కాదు. గ్రంథాలయం నుండి పుస్తకం తీసికొన్న ప్రతి విద్యార్థీ కంఠస్థం చేయదగిన వాక్యమిది. తెలుగులో ‘లేదు’ వేరు, ‘కాదు’ వేరు. ఫిన్నిష్‌లో రెండింటికీ ‘ఎయి ఒలె’యే, ఉర్దూలో రెండింటికీ ‘నహీఁ’యే.

మనుష్యుణ్ణి మనుష్యుడు కలిగియుండడం ఎట్లా అన్నది అన్నింటిలోకి సూక్ష్మమైన ప్రశ్న. ‘నాకు నువ్వున్నావు’ అన్నప్పుడు తెలుగులో ‘నువ్వు’ కర్త. క్రియ కూడ నీ వైపే తిరిగి ‘ఉన్నావు’ అంటుంది. ఫిన్నిష్‌లో ‘మినుల్ల ఒన్ సినుత్’ అంటారు. ‘సినుత్’ అంటే ‘నిన్ను’. ‘నాకు ఉన్నది నిన్ను’! పుస్తకానికి రాని ద్వితీయా రూపం సర్వనామానికి వచ్చినది. పుస్తకం వాక్యంలో కర్తవలె కనిపించినా, లోలోపల కర్మ పోలికలున్నవని ఇందువలన బయటపడుతుంది. వ్యాకరణం ఎట్లున్నా, ‘నాకెవరున్నారు’ అని ఒక వృద్ధురాలు అంటే, ఆమె ఆస్తి లెక్కలు చెప్పడం లేదని తెలుగు తెలిసిన ప్రతివారికీ తెలుసు. ‘మేరా కౌన్ హై’ అన్నా అంతే.

పోలికలు చూచి తొందరపడరాదు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రకటించిన కాల్డ్వెల్ ద్రావిడ భాషలకు ఫిన్నిష్ మొదలైన భాషలతో బంధుత్వం ఉండవచ్చునని తలచాడు. నేటి భాషావేత్తలు దానిని రుజువైన విషయంగా అంగీకరించరు. ‘నాకు ఉన్నది’ అనే తీరు ప్రపంచంలో అనేక భాషలకు ఉన్నది. అరబ్బీలో ‘ఇందీ కితాబ్’, నా వద్ద పుస్తకం. రష్యనులో ‘ఉ మెన్యా యెస్త్ క్నిగా’, అదే అర్థం. రక్తసంబంధం లేకున్నా ఒకే అలవాటు గల ఇరుగుపొరుగువారిని మనం ఎరుగమా?

ఫిన్నిష్ చరిత్ర కూడ మన విద్యార్థులు వినదగినదే. 1543లో మికాయెల్ అగ్రికొల అక్షరాభ్యాస గ్రంథంతో ఆ భాష అచ్చుకెక్కింది. అయినను 1809 వరకు స్వీడన్ ఏలుబడిలోనూ, అటుపిమ్మట రష్యా ఏలుబడిలోనూ చాలకాలం అధికార భాష స్వీడిషే. ఫిన్నిష్ రైతుల మాటగానే ఉండిపోయింది. 1863లో చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ జారీచేసిన శాసనం దానికి కచేరీల తలుపు తెరచింది. నేడు సుమారు 56 లక్షల జనాభా గల ఆ దేశంలో విశ్వవిద్యాలయ విద్య సైతం ఆ భాషలో సాగుతున్నది. అదే దేశంలో పందొమ్మిదవ శతాబ్ది చివర వర్తకానికి వచ్చి స్థిరపడిన తాతారు ముస్లిములున్నారు. వెయ్యిమందికి లోపే. 1925లో తమ ధార్మిక సంఘాన్ని నెలకొల్పుకొని, ఇంటి భాషను నిలుపుకొన్నారు. వారి భాషలో ‘మినెమ్ కితాబిమ్ బార్’ అంటే నాకు పుస్తకం ఉన్నది. ఆ వాక్యంలోని ‘కితాబ్’ను మా మేనకోడలు ఎవరూ చెప్పకుండానే పోల్చుకొన్నది.

ఆ దేశ పౌరసత్వం కోరేవారు సాధారణంగా జాతీయ భాషా పరీక్షలో మూడవ స్థాయిని చూపవలె. పరీక్ష ఇంకా ఆమె ఎదుటనే ఉన్నది. కాని పరీక్ష కంటె ముందు వేరొకటి వచ్చినది. గత శీతకాలంలో ఒక రాత్రి, భర్త ఊరిలో లేని సమయాన, రెండేండ్ల బిడ్డకు ఒళ్ళు కాలిపోయింది. వైద్య సలహా కొరకు ఫోను చేసినప్పుడు అవతలివారు ఇంగ్లీషులో మాట్లాడవచ్చునని చెప్పినారట. ఆ ఆందోళనలో ఇంగ్లీషు ఒక్క ముక్క నోట రాలేదు. “లప్సెల్ల ఒన్ కూమె” అన్నది. బిడ్డకు జ్వరం ఉన్నది. బిడ్డకు, లప్సెల్ల, ఉన్నది, ఒన్, జ్వరం, కూమె. అవతలివారు ఎంత జ్వరమని, ఎప్పటినుండియని ఫిన్నిష్‌లోనే అడగగా, అంకెలు తెలుసును గనుక చెప్పగలిగింది. తెల్లవారేసరికి జ్వరం దిగింది. మాకు ఫోను చేసినప్పుడు జ్వరం సంగతి రెండు మాటలలో ముగించి, ఆ వాక్యం సంగతే పావుగంట చెప్పింది.

ఆ తరువాత తరగతిలో ఉపాధ్యాయురాలు ‘నాకు పుస్తకం ఉన్నది’ అనే వాక్యాన్ని ఎవరి భాషలో వారు బల్లమీద వ్రాయండని కోరారు. సిరియా నుండి వచ్చిన ఒకామె అరబ్బీలో, ఇంకొకరు రష్యనులో వ్రాశారు. మా మేనకోడలు తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వ్రాసి, మూడవదిగా దక్కనీ వాక్యాన్ని కూడ వ్రాసిందట. దక్కనీని బల్లమీద వ్రాయడం తన జన్మలో అదే మొదటిసారి అన్నది.

ఇప్పుడు వారి పాఠం భూతకాలానికి వచ్చినది. ‘ఒన్’ స్థానంలో ‘ఒలి’ వస్తుంది, తక్కినదంతా యథాతథం. అభ్యాసం కొరకు ఆమె తన నోటుపుస్తకంలో వ్రాసికొన్న మొదటి వాక్యం చిత్రాన్ని పోయిన ఆదివారం మాకు పంపింది. ‘మెయిల్ల్యా ఒలి తలొ.’ మాకు ఒక ఇల్లు ఉండేది. అది మా తండ్రిగారు కట్టించిన ఇల్లనీ, ఏ సంవత్సరంలో అమ్ముడుపోయినదనీ ఆమె వ్రాయలేదు. ఆ మాటలు ఇంకా పాఠంలోకి రాలేదు.